ఎప్పుడొస్తుందో తెలియని మెరుపు

మంట చుట్టూ చేరారు గాబట్టి ఈ పూట దయ్యాల కథ వద్దు, నిజంగా జరిగిన ముచ్చటే చెప్తా. అమెరికా, రష్యా ఒకదాన్ని చూసి ఒకటి ఉలిక్కిపడే రోజుల నాటిది.

1963లో ఆ రెండూ, బ్రిటనూ మాస్కోలో ఓ ఒప్పందం రాసుకున్నాయి. గాల్లో, నీళ్ళలో, అంతరిక్షంలో అణుబాంబులు పేల్చి చూడకూడదని. సంతకాలైతే పెట్టారు గానీ నమ్మకమేదీ? అవతలివాడు పైకెళ్ళి దొంగచాటుగా పేలిస్తేనో? అందుకని అమెరికావాళ్ళు వేలా అనే ఉపగ్రహాల్ని జంటలుగా పంపారు, లక్ష కిలోమీటర్ల పైచిలుకు ఎత్తుకి. బాంబు పేలితే గామా కిరణాలు పుడతాయి. అవి తగిలితే మెరిసే స్ఫటికాలు వాటిలో అమర్చారు. మెరుపొచ్చిందంటే ఎంతసేపుందో, ఎప్పుడొచ్చిందో రాసుకోవడమే వాటి పని.

అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో రే క్లెబెసాడెల్, రాయ్ ఓల్సన్ అని ఇద్దరుండేవాళ్ళు. 1969లో పాత రికార్డులు తిరగేస్తుంటే 1967 జులై 2 నాటి మెరుపొకటి కంటబడింది. బాంబు మెరుపు రెప్పపాటులో వందోవంతు కూడా ఉండదు. ఇదేమో కొన్ని సెకన్లుంది, ఒకసారి ఎగిసి, తగ్గి, మళ్ళీ ఎగిసింది. బాంబు కాదు, సరే. మరి ఏంది?

తొందరపడలేదు వాళ్ళు. పక్కన దాచి, ఇంకా మంచి గడియారాలున్న ఉపగ్రహాలు వచ్చేదాకా ఆగారు. గడియారాలెందుకూ అంటావా అబ్బయా? తిరునాళ్ళలో ఊరి ఆ చివర ఔటు పేలిందనుకో, ఆ వీధివాళ్ళకి ముందు వినబడుతుంది, మనకి కాస్త ఆగి. రెండిళ్ళ గడియారాలూ సరిగ్గా ఉంటే, ఆ తేడా చూసి ఎటు పేలిందో చెప్పొచ్చు. వెలుగు సెకనుకి మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది గాబట్టి, ఇక్కడ తేడా సెకనులో చిన్న ముక్క. అలా లెక్కగడితే ఆ మెరుపులు భూమి నుంచీ రాలేదు, సూర్యుడి నుంచీ రాలేదు. 1973లో ఇయన్ స్ట్రాంగ్‌తో కలిసి 16 మెరుపుల సంగతి లోకానికి చెప్పారు.

ఎంత దూరం నుంచి వస్తున్నాయో తేలడానికి ఇంకో పాతికేళ్ళు పట్టింది. 1991లో అంతరిక్షంలోకి పంపిన కాంప్టన్ అబ్జర్వేటరీ ఎనిమిది మూలలా ఎనిమిది గ్రాహకాలతో తొమ్మిదేళ్ళు కాపలా కాసి 2,704 మెరుపులు పట్టింది. అవి పాలపుంత వెంబడి గుంపుగట్టలేదు, ఆకాశమంతా సమానంగా పరుచుకున్నాయి. మన పాలపుంతలోవి కావేమోనని అప్పుడే అనుమానం. 1997లో బెప్పోశాక్స్ అనే ఇటలీ ఉపగ్రహం, మెరుపు ఆరాక మిగిలే ఎక్స్‌రే వెలుగుని పట్టి చోటు చూపించింది. ఆ మే నెలలో వచ్చిన మెరుపుకి హవాయిలోని కెక్ దూరదర్శినితో దూరం తేల్చారు. సుమారు 700 కోట్ల ఏళ్ళ కిందట బయల్దేరిందది. భూమి పుట్టకముందే!

మన సంగతీ చెప్తా. 1994 మే 4న శ్రీహరికోట నుంచి ఏఎస్‌ఎల్‌వీ రాకెట్ మీద స్రాస్-సి2 ఉపగ్రహం వెళ్ళింది. అందులోనూ ఈ మెరుపుల్ని పట్టే పరికరముంది. రాకెట్ ఎగిరిందంటే సూళ్ళూరుపేటలో జనం మిద్దెలెక్కేవాళ్ళం. పైకి పోయేది కనబడేది, అది ఏం చేస్తుందో మాలో ఎందరికి తెలుసు? 2015 సెప్టెంబరు 28న ఆస్ట్రోశాట్ అనే మన ఇంకో ఉపగ్రహం వెళ్ళింది. దాని గామా పరికరాన్ని అక్టోబరు 6న ఆన్ చేశారు. చేసిన రోజే ఒక మెరుపు చిక్కింది!

2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాలు గుద్దుకున్న అలజడి గురుత్వ తరంగాలుగా భూమిని తాకింది. 1.7 సెకన్ల తర్వాత అక్కణ్ణుంచే గామా మెరుపొచ్చింది. 13 కోట్ల ఏళ్ళు ప్రయాణం చేసి ఇంత చిన్న తేడాతో చేరాయంటే, రెండిటి వేగమూ దాదాపు ఒకటేనని తేలిపోయింది. ఆ క్షణాన ఆస్ట్రోశాట్‌కి మాత్రం ఏమీ కనబడలేదు, భూమి అడ్డమొచ్చింది. మనవాళ్ళు సిగ్గుపడలేదు, కనబడలేదనే చెప్పారు. భూమి చాటునున్న వైపే అది జరిగుండాలని తేలింది, దాంతో వెతకాల్సిన మేర సగానికి తగ్గింది. కాపలావాడికి అదే మర్యాద అబ్బయా: చూసింది టైముతో సహా రాయాలి, చూడనిది చూడలేదని రాయాలి.