గిల్‌ఫెదర్ టర్నిప్, మా ఆవమొక్కలు

మసాచుసెట్స్‌లో మా పెరట్లో ఈ జూన్‌లో ఒక తగువు తీర్చాల్సొచ్చింది. ఒక మడిలో రెండో ఏడు పూతకొచ్చిన ఆరు గిల్‌ఫెదర్ టర్నిప్ మొక్కలు. నాలుగడుగుల అవతల, ఇండియన్ షాపులో కొన్న ఆవాలు చల్లితే మొలిచిన ఆవమొక్కలు. రెండింటివీ అవే నాలుగు రేకుల పసుపు పూలు. తేనెటీగలకి తేడా లేదు. నాకు మాత్రం ఉంది. ఈ విత్తనం ఇచ్చిన పక్కవీధి పెద్దావిడకి, తిరిగి ఒక చెంచాడు ఇస్తానని మాటిచ్చాను.

గిల్‌ఫెదర్ మాకు ఉత్తరాన ఉన్న వెర్మాంట్ రాష్ట్రపు పంట. వార్డ్స్‌బరో అనే కొండ ఊళ్ళో జాన్ గిల్‌ఫెదర్ అనే రైతు గత శతాబ్దం మొదట్లో పండించి అమ్మేవాడు. కోడిగుడ్డు ఆకారం, పైన లేతాకుపచ్చ, లోపల తెల్లటి కండ. మంచు పడ్డాక తవ్వితే తియ్యగా ఉంటుంది. తన విత్తనం ఇంకొకళ్ళకి దక్కకుండా ఆయన దుంపల తలలు, వేళ్ళు కోసేసి మరీ అమ్మేవాడని చెప్పుకుంటారు. ఆ కోతలో మర్మం ఉంది. ఈ దుంప మొదటి ఏడు పూయదు. చలికాలమంతా ఇసకలో దాచి, వసంతంలో మళ్ళీ పాతితే దాని తలలోంచే పూకాడ లేస్తుంది. తల పోతే విత్తనం లేదు.

పిసినారి అని నవ్వుకోడం తేలికే. రాళ్ళ నేలలో చలికాలానికి అమ్ముకోడానికి అతనికున్న సరుకు అది. అయినా విత్తనం ఎలాగో బయటపడింది, అందుకే బతికింది. వార్డ్స్‌బరో బడిపిల్లలు పట్టుబట్టగా 2016లో వెర్మాంట్ రాష్ట్ర కూరగాయ కూడా అయింది.

టర్నిప్ చరిత్రలో పేర్లు ఇలాగే అతుక్కుంటాయి. ఇంగ్లండులో మంత్రి పదవి వదిలి 1730లో నార్ఫోక్ ఎస్టేటుకి వెళ్ళిన టౌన్‌షెండ్ ప్రభువుకి ‘టర్నిప్ టౌన్‌షెండ్’ అని పేరు. ఆయనకి ముందే, 17వ శతాబ్దంలోనే, అక్కడి రైతులు పశువుల మేతకి టర్నిప్ వేస్తున్నారు. వాళ్ళ పేర్లు ఏ పాఠంలోనూ లేవు.

అసలు సంగతి, గిల్‌ఫెదర్ టర్నిప్పే కాదు. వృక్షశాస్త్రం లెక్కన అది రూటబాగా. 1935లో ఊ జాంగ్‌చూన్ అనే శాస్త్రవేత్త (తండ్రి కొరియన్, తల్లి జపనీస్) ఈ వంశవృక్షం తేల్చాడు. టర్నిప్ జాతి క్రోమోజోములు 10 జతలు, క్యాబేజీ జాతివి 9. ఆ రెండూ కలిస్తే 19 జతల రూటబాగా జాతి. అదే టర్నిప్ జాతి 8 జతల నల్ల ఆవతో కలిస్తే 18 జతలతో వచ్చింది మన పోపులపెట్టెలో ఆవాల మొక్క. అంటే నా మడుల్లో పోట్లాడుకుంటున్నవి సవతి బిడ్డలు. ఒకదాని పుప్పొడి ఇంకోదానికి అంటుకోగలదు కూడా. కలగలిసి పుట్టినదాని ‘శుద్ధత’ కోసం నేను కాపలా కాయడం ఏమిటో!

నిరుడు నవంబర్‌లో దీంతో ఆవపెట్టిన కూర చేశాను. చెక్కు మందంగా తీయాలి, లేకపోతే పీచు తగులుతుంది. ముక్కలు పసుపు, ఉప్పు వేసి ఉడికించి, కాస్త చింతపండు పులుసు పోసి దగ్గరకి రానిచ్చాను. పోపులో శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిరప, ఇంగువ, కరివేపాకు. ఆవాలు, పచ్చిమిరప నూరిన ముద్ద పొయ్యి దించాకే కలపాలి, వేడి మీద వేస్తే చేదెక్కుతుంది. అరటికాయ కూర అంత కమ్మగా రాలేదు, తీపి కొంచెం ఎక్కువ. కానీ మర్నాడు చల్లన్నంలో బ్రహ్మాండంగా ఉంది. అక్కాచెల్లెళ్ళని ఒకే బాణలిలో వేశానని అప్పటికి తెలీదు.

చివరికి ఆవమొక్కలే పీకాను. ఆకు పప్పులోకి వెళ్ళింది. ఆవాలు మళ్ళీ షాపులో దొరుకుతాయి. ఆ పెద్దావిడ దగ్గర మిగిలిన గింజలు పోయినేడు మొలవలేదట.

ఇవాళ పొద్దున చూస్తే కంచె అవతల బీడులో కూడా పసుప్పచ్చగా ఏదో పూసింది. ఇంకా దగ్గరికెళ్ళి చూడలేదు.