ఒక కథకుడు అమ్మిన శాస్త్రం

రచయిత తన గురించి తాను చెప్పుకున్న మాటల్ని ఎంతవరకు నమ్మాలి? తెలుగు కవుల కాలనిర్ణయం చదువుకున్న విద్యార్థులకి ఈ ప్రశ్న కొత్తది కాదు. చాటువు ఒకటి చెబుతుంది, శాసనం ఇంకొకటి చెబుతుంది. రెంటికీ పేచీ వచ్చినప్పుడు మనం శాసనం వైపే మొగ్గుతాం. అమెరికాలో సైంటాలజీని స్థాపించిన ఎల్. రాన్ హబ్బర్డ్ (1911–1986) విషయంలోనూ ఇదే పద్ధతి పాటించాలని నేనంటాను. మతస్థాపకుడు కాకముందు ఆయన కథారచయిత. అందువల్ల ఆయన సంగతి మతచరిత్రకారులకి వదిలేసి ఊరుకోదగింది కాదు.

1930లలో అమెరికాలో చవక కాగితం మీద అచ్చయ్యే కథల పత్రికలు కుప్పలు తెప్పలుగా వచ్చేవి. మాటకి ఒక సెంటు, అటూ ఇటూగా ప్రతిఫలం. హబ్బర్డ్ వాటికి సాహసగాథలు, కౌబాయ్ కథలు, తర్వాత వైజ్ఞానిక కల్పనలు విరివిగా రాశాడు. ఆ పనిని నేను చిన్నచూపు చూడను. పొట్టకూటికి రాసినవాళ్ళలో మంచి రచయితలు లేకపోలేదు. చిక్కు వచ్చింది 1950 మే నెలలో. జాన్ కాంప్‌బెల్ సంపాదకుడుగా ఉన్న ‘అస్టౌండింగ్ సైన్స్ ఫిక్షన్’ అనే కథల పత్రికలోనే హబ్బర్డ్ ‘డయనెటిక్స్’ గురించి వ్యాసం రాశాడు. ఇది కథ కాదు, మనసుకి సంబంధించిన ఆధునిక శాస్త్రం అన్నాడు. అదే నెలలో పుస్తకమూ వచ్చింది.

మనిషి స్పృహలో లేనప్పుడు, ఆఖరికి తల్లి కడుపులో ఉన్నప్పుడు కూడా, అనుభవించిన బాధలు ముద్రలుగా మిగిలిపోతాయట. పక్కన ఒకరు కూర్చుని వాటిని ఒక్కొక్కటే చెప్పించి చెరిపేస్తే మనిషి ‘క్లియర్’ అవుతాడట. అలాంటివాడికి మరుపన్నది ఉండదట. ఎంతోమందిని పరీక్షించి చూశానని రాశాడే గాని ఆ పరీక్షల వివరాలు మాత్రం ఎక్కడా ఇవ్వలేదు.

ఒకే ఒక్కసారి బహిరంగంగా చూపించబోయాడు. 1950 ఆగస్టులో లాస్ ఏంజెలిస్‌లోని ష్రైన్ ఆడిటోరియంలో, కిక్కిరిసిన సభ ముందు, భౌతికశాస్త్రం చదువుకుంటున్న ఒక యువతిని ‘క్లియర్’ అని నిలబెట్టాడు. సభికులు ఆమె చదువులోంచే ఒక సూత్రం అడిగారు. చెప్పలేకపోయింది. హబ్బర్డ్ వీపు తిప్పి నిలుచుంటే, ఆయన టై రంగేమిటని అడిగారు. అదీ గుర్తులేదు. ఇందులో ఆ అమ్మాయి తప్పేమీ లేదు. ఆమెని అక్కడ నిలబెట్టినవాడిదే తప్పు. సెప్టెంబరులో అమెరికా మనస్తత్వశాస్త్రజ్ఞుల సంఘం ఈ వాదనలకి ప్రయోగపూర్వకమైన ఆధారం లేదంటూ తీర్మానించింది. భాషార్థశాస్త్ర పండితుడు హయకావా 1951లో రాసిన సమీక్షకి పెట్టిన శీర్షికకి, సైన్స్ ఫిక్షన్ నుంచి ఫిక్షన్ సైన్స్‌కి అని అర్థం. సమీక్ష సారమంతా ఆ తిరగేతలోనే ఉంది.

అయినా పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. పాఠకులు మూర్ఖులనుకుంటే మనకి చరిత్ర అర్థంకాదు. హిరోషిమా జరిగి ఐదేళ్ళు. సైన్సు అన్న మాటంటే భయమూ, భక్తీ రెండూ ఉన్న కాలం. యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్ళు నిద్రపట్టక బాధపడుతున్నారు. మానసిక వైద్యం డబ్బున్నవాళ్ళకే అందేది. పెద్దాసుపత్రుల్లో కరెంటు షాకులు, మెదడు కోసే ఆపరేషన్లు. ఇంట్లో ఇద్దరు కూర్చుని ఒక పుస్తకం సాయంతో బాగుపడవచ్చునంటే ఎవరికి ఆశ పుట్టదు?

ఆ ఆశకి హబ్బర్డ్ చూపిన సాక్ష్యం తన దేహమే. యుద్ధంలో కుంటివాణ్ణి, గుడ్డివాణ్ణి అయ్యాను, నా పద్ధతితో నన్ను నేనే బాగుచేసుకున్నాను అని చెప్పుకున్నాడు. నౌకాదళం రికార్డులు ఈ మాటని బలపరచవు. వాటిలో యుద్ధగాయాల ఊసు లేదు. కడుపులో పుండుకి, కళ్ళకలకకి చేసిన వైద్యం ఉంది. పైగా 1947లో, అంటే బాగుపడ్డానన్న కాలంలోనే, మానసిక వైద్యం చేయించమని మాజీ సైనికుల సంక్షేమ శాఖకి ఆయన రాసుకున్న ఉత్తరం ఉంది. ఆ ఉత్తరం చదివితే నాకు హబ్బర్డ్ మీద కోపం కన్న జాలే ఎక్కువ కలుగుతుంది. కాని అణుశాస్త్రవేత్తనన్న మాట సంగతి వేరు. జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో 1930లో చేరి, రెండేళ్ళకి పట్టా లేకుండానే వదిలేశాడు. అణుభౌతిక శాస్త్రం పేపరు తప్పాడు. 1984లో లాస్ ఏంజెలిస్ న్యాయమూర్తి బ్రెకెన్‌రిడ్జ్, ఈ కాగితాలన్నీ చూసి, తన చరిత్ర గురించి అబద్ధాలాడటం హబ్బర్డ్‌కి దాదాపు ఒక జబ్బు అన్న అర్థంలో తీర్పు రాశాడు. ఆ కాగితాలు బయటపెట్టిన ఆర్మ్‌స్ట్రాంగ్, హబ్బర్డ్ జీవితచరిత్ర కోసం సామగ్రి సేకరించడానికి ఆ సంస్థే నియమించుకున్న మనిషి!

శాస్త్రం అన్నప్పుడు రుజువు అడుగుతారు. 1953 డిసెంబరులో హబ్బర్డ్ చర్చిని రిజిస్టరు చేయించాడు. చేతుల్లో రెండు డబ్బాలు పెట్టి, చర్మంలోంచి పోయే స్వల్ప విద్యుత్తుని కొలిచే ‘ఇ-మీటర్’ అప్పటికే ఆయన సరంజామాలో ఉంది. అరచేయి చెమర్చినా ముల్లు కదులుతుంది. 1963లో ప్రభుత్వం ఆ మీటర్లని జప్తు చేసింది. 1971లో కోర్టు, మతకార్యానికైతే వాడుకోండి, రోగాలు కుదురుస్తుందని మాత్రం చెప్పకూడదంది. సైంటాలజీని నమ్మేవాళ్ళ విశ్వాస స్వేచ్ఛతో నాకు పేచీ లేదు. శాస్త్రం పేరుతో సరుకు అమ్మి, లెక్క అడిగితే మతం చాటుకి పోవడంతోనే నా పేచీ.

లెక్క అడిగిన ఒక రచయిత్రి గతి చూడండి. పౌలెట్ కూపర్ 1971లో సైంటాలజీ మీద విమర్శగ్రంథం రాసింది. బాంబు పెడతానని బెదిరిస్తూ చర్చికి ఉత్తరాలు రాసిందని 1973లో ఆమె మీద కేసు పెట్టారు. ఉత్తరం మీద ఆమె వేలిముద్ర ఉంది. 1975లో అభియోగాలు ఎత్తేశారు. మానసిక వైద్యాన్ని అంతగా ద్వేషించే సంస్థే, ఆమెని జైలుకో పిచ్చాసుపత్రికో పంపాలని 1976లో ఇంకో పథకం వేసింది. 1977 జూలైలో ఎఫ్‌.బి.ఐ. ఆ సంస్థ కార్యాలయాలు సోదా చేసినప్పుడు దొరికిన కాగితాల్లో ఆ పథకం టైపు చేసి ఉంది.