సుగంధ చెక్కలు (నెల్లూరు తీరం)

ఎండబెట్టిన చెట్టు బెరడును పచారీ కొట్లలోనూ మూలికల అంగళ్లలోనూ ‘చెక్క’ అంటారు. వాటిలో పరిమళానికి పేరుపడ్డది దాల్చినచెక్క. ఆ చెట్టుకు వానలు దండిగా పడే తేమ నేల కావాలి. నెల్లూరు తీరపు వానలు దానికి చాలవు. అందుచేత ఇక్కడ దాల్చినచెక్క చరిత్రను అడవుల్లో కాక రేవుల్లో వెతకాలి.

కాకతీయ గణపతిదేవుడు 1244లో నెల్లూరుకు ఉత్తరాన ఉన్న మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం ఈ తీరపు పరిమళ వర్తకానికి గట్టి ఆధారం. అంతకుముందు తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు లాక్కునేవారు. గణపతిదేవుడు ఆ ఆనవాయితీ మానిపించి, వర్తకులు సుంకం కడితే చాలన్నాడు. చందనం, కర్పూరం, పన్నీరు, పునుగు, మిరియాలు వంటివాటికి సుంకాలు రాతిమీద చెక్కించాడు.

తర్వాతి కాలంలో సుగంధ ద్రవ్యాలకు మారకంగా పనికొచ్చింది ఇక్కడి అద్దకం బట్ట. 17వ శతాబ్దం తొలినాళ్లలో డచ్చివారు పులికాట్‌లో, 1626లో ఆంగ్లేయులు దుగరాజపట్నంలో (వారి కాగితాల్లో ఆర్మగాన్) స్థావరాలు పెట్టింది ముఖ్యంగా ఈ బట్ట కోసమే. తూర్పు దీవులలో దాన్నిచ్చి మిరియాలు, లవంగాలు కొనేవారు. ఆ బట్టకు ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. శ్రీహరికోటలో ఆ వేరును తవ్వితెచ్చినవారిలో యానాదులున్నారు. కంపెనీల కథ చెప్పేవారు సాధారణంగా వీరి ఊసెత్తరు. సింహళంలో దాల్చిన వర్తకం మాత్రం పోర్చుగీసువారి నుంచి డచ్చివారికి, 1796 తర్వాత ఆంగ్లేయులకు చిక్కింది. ఆ గుత్తాధిపత్యం 1833 దాకా సాగింది.

ఆయుర్వేదంలో దాల్చినచెక్కను త్వక్ అంటారు. ఏలకులు, ఆకుపత్రి, నాగకేసరాలతో కలిపితే చాతుర్జాతం. దగ్గుకు వాడే సితోపలాది చూర్ణంలో పటికబెల్లం 16 పాళ్లు, వెదురుప్పు 8, పిప్పళ్లు 4, ఏలకులు 2 కాగా, దాల్చిన ఒక్క పాలే. ఘాటైన సరుకుకు ఆ మాత్రం చాలు. వాగుల గట్లన పెరిగే తెల్లమద్ది చెక్కకు ఇంత వాసన లేదు. అయినా గుండె జబ్బులకు దాన్ని పాలలో కాచి ఇచ్చే వాడుక పాతది.

నేడు బజారులో దాల్చిన పేరుతో దొరికేది చాలావరకు చైనా, వియత్నాం జాతుల కాసియా చెక్క. అది మందంగా, గట్టిగా ఉంటుంది. సింహళపు చెక్క కాగితంలా పలచన. పొరమీద పొరగా చుట్టుకుని, వేళ్లతో నలిపితే విరుగుతుంది. కాసియాలో కౌమరిన్ ఎక్కువ. రోజూ ఎక్కువ మోతాదులో తింటే కాలేయానికి చేటు కావచ్చు కనుక, మందుగా వాడేవారికి ఈ తేడా ముఖ్యం.