సముద్రం లేని సీమలో తీరవిహారం

సెలవునాడు ఉదయం సముద్రతీరానికి పోయి, ప్రొద్దుగూకేసరికి ఇల్లు చేరుకొనే వేడుక రైలుబండితో పెరిగినది. ఇంగ్లండులో పందొమ్మిదవ శతాబ్దిలో రైలుమార్గాలు కడలిదాకా సాగిన పిమ్మటనే సామాన్య కుటుంబాలకు ఆ వినోదం అందినది. 1871 నాటి బ్యాంకు సెలవుల చట్టం దానికి తోడైనది. మద్రాసులో మెరీనా విహారవీథిని 1880లలో గవర్నరు గ్రాంట్ డఫ్ ఏర్పరచినారు.

కడప జిల్లా 1953 దాకా మద్రాసు రాష్ట్రంలోనిదే గనుక, మన పెద్దలలో పలువురు మొదట చూచిన సముద్రం ఆ మెరీనాయే. కాని అది ఒకనాటి ప్రయాణం కాదు. ప్రొద్దుటూరువారు ఎర్రగుంట్లకు పోయి రైలెక్కవలసి వచ్చేది. ప్రొద్దుటూరికీ, జమ్మలమడుగుకూ రైలు వచ్చినది 2016లోనే.

మరి మనవారు తీరవిహారం ఎరుగరా? ఎరుగుదురు. వారి తీరం పెన్న ఇసుక. నంది కొండలలో పుట్టి, నెల్లూరు జిల్లాలో సముద్రాన్ని చేరే ఈ నది ఏడాదిలో పెక్కు నెలలు ఇసుకబయలే. ప్రొద్దుటూరువారు రామేశ్వరాలయం దర్శించుకొని ఏటిలో దిగేవారు. పులివెందులవారు శ్రావణ శనివారాలలో గండి ఆంజనేయుని సన్నిధికి పోయి, కొండను చీల్చుకొని వచ్చే పాపఘ్ని చెంత సద్దిమూటలు విప్పేవారు. జమ్మలమడుగువారికి గండికోట ఉన్నది. 1650లో మీర్ జుమ్లా గెలుచుకొన్న ఆ కోట అంచున నిలిచి లోయలోని పెన్నను చూడవచ్చును.

చిత్రాన్నం, పెరుగన్నం తిని, పిల్లలు ఇసుకలో చెలమ త్రవ్వేవారు. నీరు మెల్లగా ఊరి, తేటపడగానే దోసిట పట్టి త్రాగేవారు. ఇంటిపనితోనే ప్రొద్దుపుచ్చే ఇల్లాండ్రకు దేవుని పేర దొరికిన విశ్రాంతి దినమది. భక్తి, వినోదం వేరువేరని ఎవరూ తలచలేదు.

తరువాత మైలవరంలోను, గండికోట వద్దను జలాశయాలు వెలసినవి. 2020లో గండికోట జలాశయం నింపినపుడు తాళ్ళప్రొద్దుటూరులోనికి నీరు వచ్చి, జనులు ఊరు విడువవలసి వచ్చినది. కరవుసీమకు నీటి నిలువ అవసరమే. దాని వెల ఆ ఊరివారికి తెలుసును. ఇసుక సంగతి వేరు. ఏటిలోని ఇసుకయే వాననీటిని పట్టి దాచి, వేసవిలో బావులకు అందిస్తుంది. దానిని లోతుగా త్రవ్వి తరలించినచోట చెలమ ఊరదు, ఒడ్డున ఉన్న బావులలో ఊట తగ్గుతుంది.

మద్రాసు కడలిని చూడని వారికి సైతం పెన్న ఒక తీరాన్ని ఇచ్చినది. నేటి పిల్లలను సెలవునాడు ఏటికి తీసికొనిపోతే, వారు త్రవ్వుకొనేందుకు అక్కడ తగినంత ఇసుక మిగిలి ఉండాలి. ఆ బాధ్యత మనదే.