టోక్యో కథ – చెదిరిన పెద్దింటి చరిత్ర

కుటుంబాన్ని గురించి మన సాహిత్యంలోను, సినిమాల్లోను జరిగే చర్చలో వొక లోపం వుంది. కన్నవారిని పిల్లలు చూడకపోతే దాన్ని వెంటనే నీతి ప్రశ్నగా మార్చివేస్తాం. కొడుకు కృతఘ్నుడు, కోడలు గయ్యాళి, పట్నం చెడ్డది, వెనకటి రోజులు మంచివి – యీ నాలుగు తీర్పులతో విచారణ ముగుస్తుంది. ఆ వెనకటి రోజుల్లో కుటుంబాన్ని కలిపివుంచిన శక్తి యేది, అది యెప్పుడు, యెందుకు సడలింది అనే ప్రశ్నను యెవరూ అడగరు. జపాను దర్శకుడు యసుజిరో ఓజు 1953లో తీసిన 'టోక్యో కథ' నా చేత ఆ ప్రశ్న అడిగించింది.

ప్రపంచ విమర్శకులు దశాబ్దాలుగా పొగుడుతున్న యీ చిత్రాన్ని నేను మొదటిసారి చూసింది త్రిపురారంలో, వొక ఉపాధ్యాయ మిత్రుని యింట్లో, సున్నం వేసిన గోడమీద. మాతోపాటు నలుగురైదుగురు డిగ్రీ విద్యార్థులు, పక్కింటి ముసలమ్మ వొకామె వున్నారు. రెండుగంటల పదహారు నిమిషాల చిత్రం; పెద్ద సంఘటనలు లేవు. కెమెరా చాపమీద కూర్చున్న మనిషి కంటి యెత్తున, దాదాపు కదలకుండా వుంటుంది. అరుగులమీద కూర్చుని మాట్లాడుకునే అలవాటున్న మనకు ఆ యెత్తు కొత్తగా తోచదు.

కథ చిన్నది. హిరోషిమా రాష్ట్రంలోని సముద్రతీరపు పట్టణం ఒనోమిచి నుంచి వృద్ధదంపతులు పిల్లల్ని చూడటానికి టోక్యో వస్తారు. పెద్దకొడుకు నగరం శివార్లలో పిల్లల డాక్టరు. కూతురు స్త్రీలకు జుట్టు అలంకరించే దుకాణం నడుపుతున్నది. యిద్దరికీ తీరిక లేదు. కొంత డబ్బు పోగుచేసి ముసలివాళ్లను అటామి వేడినీటి బుగ్గలకు పంపిస్తారు. అక్కడ రాత్రంతా కుర్రకారు గోలకు వాళ్లకు నిద్రపట్టదు. యుద్ధంలో పోయిన కొడుకు భార్య నొరికో మాత్రం ఉద్యోగానికి సెలవు పెట్టి వాళ్లకు నగరం చూపిస్తుంది, తన వొంటిగదిలో అత్తకు పక్క వేస్తుంది. యింటికి చేరిన కొద్దిరోజులకే తల్లి చనిపోతుంది. పిల్లలు వచ్చి, కర్మ ముగియగానే వెళ్లిపోతారు.

యిక్కడ పక్కింటి ముసలమ్మ నన్నడిగింది: "సారూ, గా పిల్ల సొంత బిడ్డనా?" కోడలని చెప్పాను. "మరి మొగడేడి?" యుద్ధంలో పోయాడన్నాను. ఆమె కొంచెం ఆలోచించి, "గందుకే మంచిగుంది. మొగడు, పిల్లలు వుంటే గామె గూడ గట్లనే అయితుండె" అన్నది. అక్షరం రాని ఆ మనిషి చిత్రంలోని కీలకాన్ని పట్టుకుంది. నొరికో కూడా చివర తన చిన్న ఆడబిడ్డతో దాదాపు యిదే చెబుతుంది: పిల్లలకు తమ జీవితాలు యేర్పడతాయి, తానూ అందుకు మినహాయింపు కాదు అని.

యీ మాట వెనక చరిత్ర వుంది. 1898 నాటి జపాను పౌరస్మృతి సమురాయి కులాల ఆచారాన్ని దేశమంతటికీ శాసనంగా విధించింది. యింటి పెద్దకు మిగిలినవారి పెళ్లిళ్లమీద, నివాసంమీద అధికారం, ఆస్తి పెద్దకొడుకుకు, కన్నవారి పోషణ బాధ్యతా అతనిదే. అంటే వృద్ధుల పోషణకు ప్రేమ వొక్కటే ఆధారం కాదు, ఆస్తీ అధికారమూ కూడా ఆధారం. యుద్ధంలో ఓడిన తరువాత 1947లో సవరించిన పౌరస్మృతి, 1948 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చి, యింటిపెద్ద అధికారాన్ని రద్దుచేసి పిల్లలందరికీ వారసత్వంలో సమానహక్కు యిచ్చింది. యిది నిస్సందేహంగా పురోగమనం. కాని పాత శాసనం పోయినప్పుడు దానితో ముడిపడిన పోషణ భారాన్ని యెవరు మోయాలో సమాజం యింకా నిర్ణయించుకోలేదు. చిత్రం ఆ మధ్యకాలంలోనే పుట్టింది.

యిది జపానుకే పరిమితమైన కథ కాదు. ఓజుతో కలిసి కథ రాసిన కోగో నోడాకు ప్రేరణ 1937 నాటి అమెరికన్ చిత్రం 'మేక్ వే ఫర్ టుమారో'. అందులో ఆర్థికమాంద్యపు రోజుల్లో బ్యాంకుకు యిల్లు పోగొట్టుకున్న దంపతుల్ని పిల్లలు చెరొకచోట వుంచుతారు. అదే యితివృత్తం 1958లో కన్నడ 'స్కూల్ మాస్టర్'గాను, 1972లో తెలుగు 'బడిపంతులు'గాను వచ్చింది. మన చిత్రంలో భార్యాభర్తల యెడబాటు కళ్లు చెమర్చేట్టు వుంటుంది. కాని పరిష్కారం పాత శిష్యుని మంచితనం రూపంలో వస్తుంది. కొడుకులు దోషులుగా నిలబడతారు. ప్రేక్షకుడు వాళ్లను తిట్టుకుని తేలికపడి యింటికి పోతాడు. ఓజు మనకు ఆ తేలికను యివ్వడు. ఆయన చూపించిన డాక్టరు దుర్మార్గుడు కాదు. బయలుదేరే వేళకు రోగి కబురు వస్తే వెళ్లక తప్పనివాడు.

మన ప్రాంతాన్నే చూడండి. త్రిపురారం చుట్టుపక్కల ఒకప్పుడు చెలక భూములు. జొన్న, ఆముదం పంటలు. మోటబావికింద సేద్యమంటే ఎడ్లు కావాలి, మోట కొట్టేవాడు కావాలి, మడవ కట్టేవాడు కావాలి. ఉమ్మడికుటుంబాన్ని నిలబెట్టిన వాటిలో ఆ చేతుల అవసరం ముఖ్యమైనది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలారు. ఎడమకాలువ కింద వరి వచ్చింది, మిర్యాలగూడ బియ్యపు మిల్లుల పట్టణమైంది. పంటకు ధర వచ్చింది, పిల్లలకు చదువు వచ్చింది. తరువాత ట్రాక్టరు, కోత మిషను వచ్చాయి. చదివిన కొడుకు హైదరాబాదుకో, అమెరికాకో పోయాడు. భూమిలేని కూలీ కొడుకూ పోయాడు, కాని అతను పోయింది పొలంలో పని తగ్గి. యిద్దరి తల్లులూ వొంటరివాళ్లే. అయితే వొకామెకు డబ్బు వస్తుంది, రెండవ ఆమెకు అదీ రాదు. వృద్ధాప్యంలో కూడా వర్గభేదం వుందని మరచిపోకూడదు.

ఓజుమీద అభ్యుదయవాదులు చేసే ఆక్షేపణ వొకటుంది: ఆయన మధ్యతరగతి యింటిని దాటడనీ, జరిగినదానికి తలవంచమంటాడనీ. యీ చిత్రానికి సహాయకునిగా పనిచేసిన షోహెయి ఇమమురానే తరువాత గురువు పద్ధతికి పూర్తిగా యెదురుదారి తొక్కాడు. ఆక్షేపణలో కొంత నిజముంది. యీ చిత్రంలో కార్మికుడు కనిపించడు. యుద్ధం యెవరు తెచ్చిపెట్టారో యెవరూ అనరు. కాని కొడుకుల్ని పోగొట్టుకున్న ముసలి స్నేహితులు సారా దుకాణంలో తాగే దృశ్యంలోను, నొరికో గదిలోని భర్త ఫోటోలోను యుద్ధం వుంది. నా ఆక్షేపణ వేరు. జీతంలేని సేవ అంతా వొక్క విధవ కోడలి భుజాన పడితే, చిత్రం ఆమెను మెచ్చుకుని, అత్తగారి గడియారాన్ని బహుమతిగా యిప్పించింది. ఆమెకే యెందుకు పడింది అని అడగలేదు.

ఆ ప్రశ్న మనం అడగాలి. ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానహక్కు మన రాష్ట్రంలో 1985 సవరణతోను, దేశమంతటా 2005 సవరణతోను వచ్చింది. అంతకు ముందూ తరువాతా మంచాన పడ్డవారికి సేవచేసింది ఎక్కువగా ఆడవాళ్లే. 2007 చట్టం కన్నవారికి పిల్లల నుంచి నెలకు పదివేలు మించకుండా భృతి యిప్పించే వీలు కల్పించింది. అది కూడా బాధ్యతను తిరిగి కుటుంబంమీదికే నెట్టింది. 2014లో తెలంగాణాలో వెయ్యిరూపాయలుగా మొదలై 2019లో 2,016 అయిన ఆసరా పింఛను చిన్నదే, అయినా అది వేరే సూత్రాన్ని ఒప్పుకుంది. జపాను 2000 ఏప్రిల్ నుంచి వృద్ధుల సంరక్షణకు సామాజిక బీమా అమలుచేసింది. టోక్యో కథ వచ్చిన నలభయ్యారేళ్లకుగాని ఆ పని జరగలేదు.

పెద్దిల్లు తిరిగిరాదు, దానితో పోయిన యింటిపెద్ద పెత్తనం తిరిగిరానూ కూడదు. మిగిలినది సేవ. దాన్ని కోడలి మంచితనానికి వదిలేస్తామా, సమాజం పనిగా చేసి, ఆ పనికి కూలి కడతామా అన్నదే మన ముందున్న ప్రశ్న. విద్యార్థులతో యీ చిత్రం చూసే ప్రతి ఉపాధ్యాయుడూ "పిల్లలు చెడ్డవాళ్లా?" అని కాక, యీ ప్రశ్న అడగాలని నా కోరిక.