ప్రాజెక్ట్ ఐ.జి.ఐ.

ప్రాజెక్ట్ ఐ.జి.ఐ. నార్వేలోని ఆస్లోకు చెందిన ఇన్నర్‌లూప్ స్టూడియోస్ తయారుచేయగా ఈడోస్ ఇంటరాక్టివ్ విడుదల చేసిన కంప్యూటర్ షూటింగ్ గేమ్. ‘ఐయామ్ గోయింగ్ ఇన్’ అన్నది ఉపశీర్షిక. 2000 డిసెంబరులో వచ్చింది. తేదీ దగ్గర జాబితాలు ఏకీభవించవు. ఐరోపా, అమెరికా విడుదలలను కలిపేయడం వల్ల ఈ తేడా వచ్చి ఉండవచ్చు. కన్సోళ్లకు ఇది రాలేదు. శత్రువు కంటపడకుండా పని ముగించే గేమ్‌గా ప్రచారమై, సరిగ్గా ఆ విషయంలోనే విమర్శకులను నిరాశపరిచింది. ఆంధ్రప్రదేశ్ చిన్న ఊళ్లలో మాత్రం ‘ఐజీఐ’గా ఒక తరం కుర్రాళ్ల నోట నానింది.

కథానాయకుడు డేవిడ్ జోన్స్, బ్రిటిష్ ఎస్.ఎ.ఎస్. మాజీ సైనికుడు. దొంగిలించిన అణ్వస్త్రం జాడ వెతుకుతూ సైనిక స్థావరాల్లోకి ఒంటరిగా చొరబడతాడు. అన్యా అనే సహచరి రేడియోలో సూచనలిస్తుంది. మొత్తం 14 మిషన్లు. కథలో చెప్పుకోదగ్గ మలుపులు తక్కువ.

గేమ్‌కు నిజమైన బలం ఆరుబయలు. అదే సంస్థ 1997లో చేసిన ‘జాయింట్ స్ట్రైక్ ఫైటర్’ అనే యుద్ధవిమాన గేమ్ ఇంజినునే ఇక్కడా వాడారు. అందుకే ఇరుకు నడవల్లో తిరిగే నాటి షూటర్లకు భిన్నంగా కొండలు, కంచెలు, కాపలా బురుజులు కనుచూపు మేర పరుచుకుని ఉంటాయి. ఆటగాడు దూరాన నిలబడి బైనాక్యులర్లతో స్థావరాన్ని పరిశీలించి, ఏ కంచె దాటాలో, ఏ కంప్యూటరు దగ్గర కెమెరాలు ఆపాలో ముందే తేల్చుకోవాలి. తుపాకుల శబ్దాలనూ సమీక్షకులు మెచ్చుకున్నారు.

చాటుగా నడవడం మొదలయ్యాక లోపాలు బయటపడతాయి. కెమెరా కంటపడితే సైరన్ మోగి, బ్యారక్ తలుపులోంచి సైనికులు వస్తూనే ఉంటారు. తోటివాడు పక్కనే కూలినా కొందరు కాపలావాళ్లు కదలరు. మధ్యలో సేవ్ చేసుకునే వీలు లేదు. నలుగురు కలిసి ఆడే మల్టీప్లేయర్ లేదు. అదే ఏడాది ‘డ్యూస్ ఎక్స్’ వచ్చింది. 1998 నాటి ‘థీఫ్’ అప్పటికే ఈ తరహా ఆటకు ప్రమాణం. ఆ పోలికలో ఐజీఐ వెనకబడిందన్న తీర్పు న్యాయమైనదే.

రాయలసీమలో దీని ఆదరణపై రాతపూర్వక ఆధారాలు తక్కువ; ఆడినవారి జ్ఞాపకాలే ముఖ్యం. నాపరాళ్ల గనుల బేతంచెర్లలోనూ, డోన్, నంద్యాలల్లోనూ నెట్ సెంటర్లలో గంటల లెక్కన ఆడేవారు. నకిలీ సీడీలు చవకగా దొరకడం, పాత కంప్యూటర్ల మీదా నడవడం ఇందుకు కారణమని ఎక్కువమంది చెబుతారు. అది నిజమే కానీ, ఆ రెండూ వేరే గేమ్‌లకూ వర్తిస్తాయి. ఒకరు ఆడుతుంటే వెనక నిలబడ్డవాళ్లు దారి చెప్పగలిగే గేమ్ కావడం అంతకన్నా బలమైన కారణంగా తోస్తుంది. “కెమెరా ఉంది, ఎడమకు పోరా” అనడానికి ఇంగ్లిష్ రానక్కర్లేదు. దాటిన మిషన్లు కంప్యూటర్లో నిలిచి ఉండడంతో ఒకరి కష్టం తర్వాత కూర్చున్నవాడికి కలిసివచ్చేది. సేవ్ లేకపోవడం మాత్రం అక్కడ మరీ బాధించింది: వేసవి కోతల్లో, మిషన్ చివర హెలికాప్టర్ వచ్చే ముందు కరెంటు పోతే మొత్తం మొదటికి. గంట డబ్బులూ పోయినట్టే.

రెండో భాగం ‘కోవర్ట్ స్ట్రైక్’ 2003లో కోడ్‌మాస్టర్స్ ద్వారా వచ్చింది. పరిమితంగా సేవ్, మల్టీప్లేయర్ చేర్చారు, విమర్శ ఫలించిందన్నమాట. ఆ తర్వాత ఇన్నర్‌లూప్ ఎక్కువ కాలం నిలవలేదు. 2019లో ప్రకటించిన ‘ఐ.జి.ఐ. ఆరిజిన్స్’ జోన్స్ కన్నా ముందు కాలపు, ప్రచ్ఛన్నయుద్ధం నాటి కథ. దాన్ని చేపట్టిన యాంటీమ్యాటర్ గేమ్స్ 2023లో మూతపడడంతో అది బయటకు రాలేదు.