అశోక్‌నగర్‌లో నిరీక్షణ

మన బైబిలులో 'నిరీక్షణ' అంటే ఆశ. బయట వాడుకలో ఎదురుచూపు. చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయంలో ఆ రెండూ ఒకటే.

2022 ఏప్రిల్‌లో 503 గ్రూప్-1 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబరు 16న జరిగిన ప్రిలిమ్స్, పేపర్ లీకేజీతో రద్దయింది. 2023 జూన్ 11న మళ్లీ రాశారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 జూన్ 9న మూడోసారి! 563 పోస్టులకు రాసినవారు 3 లక్షల పైమాటే.

వీళ్లలో మన పల్లెల పిల్లలూ ఉన్నారు. అశోక్‌నగర్‌లో నలుగురొక గదిలో సర్దుకుంటారు. రద్దయిన మర్నాడు పుస్తకం ఎలా తెరిచారో! ఆశ ఒంటరి మనసులో పుడుతుందనుకునేవాళ్లం. పక్క కుర్చీవాడు చదువుతుంటే వీడూ చదువుతాడు, అంతే.

"ఉద్యోగం తప్పక వస్తుంది" అని మేమిప్పుడు చెప్పడం లేదు. ఫోన్ చేసి, "అన్నం తిన్నావా, ఈరోజు ఏం చదివావు?" అని అడుగుతున్నాం.